మాట ఆగకుండా గండిపేట దాకా: ఆదివారం సైకిల్ రైడ్ పెట్టుకోవడం ఎలా

రేపు పొద్దున సైకిల్ తీద్దాం అని శనివారం సాయంత్రం అనుకోవడం సులువే. ఒక ఆదివారం తీయడం కూడా మరీ కష్టమేం కాదు. ఆ పై ఆదివారం, దాని పై ఆదివారం కూడా తీయాలి. అదీ నలుగురితో కలిసి, ఇంట్లో ఎవరూ ముఖం ముడుచుకోకుండా. చాలామంది అక్కడే ఆగిపోతారు. నేను హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి గండిపేట చెరువు వైపు ఎనిమిదేళ్లుగా ఆదివారాలు తొక్కుతున్నాను. ఇన్నేళ్లు మా గుంపును నిలబెట్టింది తొక్కుతూ మాట్లాడుకోవడమే. కింద చెప్పే పద్ధతంతా ఆ మాట ఆగకుండా చూసుకోవడానికే.

ముందు గుంపు

మొదటిసారికి నలుగురు చాలు. ఆరుగురు దాటొద్దు. ఆరుగురైతే మూడు జతలవుతాయి, ఒక జత వెనకబడితే మిగతావాళ్లకు వెంటనే తెలుస్తుంది. పన్నెండు మంది అయ్యారంటే వెనక ఎవరి చైన్ ఊడిందో ముందున్నవాళ్లకు టీ బండి దగ్గరికి చేరాక గానీ తెలియదు.

శనివారం సాయంత్రం ఏడింటిలోపు వాట్సాప్‌లో ఒకటే మెసేజ్ పెట్టండి. ఎక్కడ కలుస్తాం, ఎన్నింటికి కదులుతాం, ఎక్కడిదాకా పోతాం, ఎన్నింటికల్లా ఇంట్లో ఉంటాం. ఈ నాలుగోది చాలామంది రాయరు. ఇంట్లోవాళ్లకు కావాల్సింది అదే. తొమ్మిదింటికి ఇల్లు అని రాస్తే తొమ్మిదింటికి ఇంట్లో ఉండాల్సిందే, దారిలో ఎంత మంచి కబురు నడుస్తున్నా సరే.

శనివారం రాత్రి అరగంట

పొద్దున నాలుగున్నరకు నిద్రకళ్లతో గాలి కొట్టడం మొదలుపెడితే ఆ రోజు ఆలస్యమైనట్టే. పెళ్లి భోజనానికి వెళ్లొచ్చినా సరే, పడుకునే ముందు ఓ అరగంట సైకిల్‌కు ఇవ్వండి.

మొదట గాలి. బొటనవేలితో నొక్కి గట్టిగానే ఉంది అనుకోకండి. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే పీఎస్ఐ లెక్కలో అచ్చు పోసి ఉంటుంది. 70 కిలోల మనిషికి మన రోడ్ల మీద నేను చెప్పే లెక్క: మధ్యరకం టైర్ల హైబ్రిడ్‌కు 50 నుంచి 60, లావు టైర్ల ఎంటీబీకి (మౌంటెన్ బైక్) 35 నుంచి 45, సన్నటి 25 ఎంఎం రోడ్ సైకిల్‌కు 80 నుంచి 90. బరువు ఎక్కువైతే కాస్త పెంచండి, టైరు మీద రాసిన హద్దు మాత్రం దాటొద్దు. గాలి తక్కువుంటే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పాము కాటులా ఉంటుంది కాబట్టి దాన్ని స్నేక్ బైట్ అంటారు.

అప్పుడే వాల్వ్ కూడా చూసుకోండి. మోటార్ సైకిల్‌కు ఉన్నట్టు లావుగా ఉంటే ష్రేడర్, సన్నగా ఉండి కొసన చిన్న నట్టు ఉంటే ప్రెస్టా. ప్రెస్టాకు పెట్రోలు బంకులో గాలి పట్టాలంటే చిన్న ఇత్తడి అడాప్టర్ కావాలి, ముప్పై నలభై రూపాయల వస్తువు. ఇదంతా తెలియని రోజుల్లో నాకు ఒక దుకాణంలో లావు వాల్వ్ ట్యూబు చేతిలో పెట్టారు. అది నా రిమ్ము రంధ్రంలో పట్టదని నార్సింగి దాటాక రోడ్డు పక్కన కూర్చుని తెలుసుకున్నాను. ఆ రోజు సైకిల్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికి వచ్చాను. స్పేర్ ట్యూబు కొనేటప్పుడు టైరు సైజూ వాల్వ్ రకమూ రెండూ ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్లండి.

బ్రేకులకు ఒక చిన్న పరీక్ష. ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకు తోస్తే వెనక చక్రం లేవాలి. వెనక బ్రేకు పట్టి తోస్తే వెనక చక్రం నేల మీద రాసుకోవాలి గానీ తిరగకూడదు. తిరిగిందంటే రేపటి రైడ్ మానుకుని రిపేరుకు ఇవ్వండి. ఇందులో మొహమాటం పనికిరాదు.

చైన్‌ను పాత బనీను గుడ్డతో పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పుతూ తుడవండి. ఒక్కో లింకుకు ఒక్కో చుక్క చైన్ ఆయిల్ వేసి, పది నిమిషాలాగి పైపైన మిగిలింది మళ్లీ తుడిచేయండి. కొబ్బరినూనె వద్దు, దుమ్మును పట్టుకుని మడ్డిలా తయారవుతుంది.

సీటు ఎత్తు ఒక్కసారి సరిచేసుకుంటే చాలు. గోడకు ఆనుకుని సీటు మీద కూర్చుని, పెడల్‌ను కిందికి తెచ్చి, మడమను దాని మీద పెట్టండి. కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మన దగ్గర కొత్తవాళ్లు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని సీటు దించేస్తారు. రెండు వారాలకు మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలవుతుంది, సైకిల్ నాకు పడదు అని మూల పెట్టేస్తారు. అలా మూల పడ్డ సైకిళ్లు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉన్నాయి, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

సంచిలో స్పేర్ ట్యూబు, టైరు ఊడదీసే రెండు లివర్లు, చిన్న పంపు, బోల్టులు బిగించే అలెన్ కీల సెట్టు, రెండు వందల చిల్లర, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్. దాంతో పాటు మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా. అది ఎందుకో కిందికి వచ్చాక చెప్తాను. హెల్మెట్‌ను హ్యాండిల్‌కు తగిలించి పడుకోండి.

ఎన్నింటికి

మే నెలాఖరున మనకు సూర్యోదయం 5:40కి కాస్త అటూఇటూగా, జనవరి నడుమ 6:45 ప్రాంతంలో. సూర్యుడు రావడానికి పదిహేను నిమిషాల ముందు కదలండి, అంతకంటే ముందు వద్దు. ఆ చీకట్లో శనివారం రాత్రి ఇంకా ముగియని కార్లు కొన్ని రోడ్డు మీద ఉంటాయి. తెల్లారాక కూడా వెనక ఎర్ర లైటు మిణుకుమంటూనే ఉండాలి. ఎండాకాలంలో ఎనిమిదిన్నరకే వీపు కాలుతుంది కాబట్టి దూరం తగ్గించండి గానీ వేళ మార్చొద్దు. వానాకాలంలో నీళ్లు నిలిచిన చోట మధ్య నుంచి పోనివ్వకండి, కింద గుంతుందో మ్యాన్‌హోల్ ఉందో తెలియదు.

దారి

మా మామూలు దారి మెహదీపట్నం, లంగర్‌హౌజ్, సన్‌సిటీ, కాళీమందిర్ మీదుగా గండిపేట చెరువు దాకా. రానుపోను 30 కిలోమీటర్ల పైచిలుకు. కొత్తవాళ్లకు ఇది సరిపోతుంది. మరీ కొత్త అయితే కాళీమందిర్ దగ్గర వెనక్కి తిరగండి, అందులో చిన్నతనమేమీ లేదు.

లంగర్‌హౌజ్‌లో బాపూఘాట్ దగ్గర ఒక నిమిషం ఆగండి. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరద నగరాన్ని ముంచేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రెండు చెరువులు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే మనం గండిపేట అంటాం. ఆ రెండు నదులూ కలిసేది ఈ బాపూఘాట్ దగ్గరే. 1948లో గాంధీజీ అస్థికలు కలిపింది కూడా ఈ సంగమంలోనే. అంటే మనం ఇక్కడి నుంచి తొక్కుకుంటూ పోయేది నీళ్లకు ఎదురుగా అన్నమాట. ఇది తెలిశాక ఆ ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్లకు ఎందుకు బరువుగా ఉంటుందో అర్థమైంది.

ట్రాఫిక్ అంటే భయముంటే అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబర్‌లో తెరిచారు. మొత్తం 23 కిలోమీటర్లు: నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5. పైన నీడ, లోపల కార్లు ఉండవు. పిల్లల్ని తీసుకెళ్లడానికి ఇంతకంటే మంచిచోటు చెప్పలేను. రింగ్ రోడ్డు మీదికి మాత్రం ఎక్కకండి, అక్కడ సైకిళ్లకు అనుమతి లేదు. చిలుకూరు బాలాజీ దర్శనం కలుపుకోవాలంటే మూడు నాలుగు వారాలు అలవాటయ్యాక పెట్టుకోండి. పదకొండు ప్రదక్షిణలకు కాళ్లలో బలం మిగలాలి కదా.

వేగం ఎంత

ఇదే అసలు సంగతి. వేగాన్ని కొలవడానికి గడియారమూ స్ట్రావా యాపూ అవసరం లేదు. పక్కనున్న మనిషితో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా? మాట మధ్యలో ఊపిరికి ఆగాల్సి వస్తే వేగం ఎక్కువైంది. పాట పాడగలిగితే ఇంకాస్త పెంచొచ్చు. వ్యాయామం చెప్పే డాక్టర్లు కూడా ఈ పరీక్షే చెబుతారు, గుండె మీద భారం మితంగా ఉందా లేదా అన్నది మాటలోనే తెలుస్తుందని.

గుంపు వేగం ముందున్నవాడి మాటతో కాకుండా చివరనున్న మనిషి మాటతో తేలాలి. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. నాలుగేళ్ల కింద ఒక అక్క, బ్యాంకు ఉద్యోగి, యాభైకి దగ్గర, కొత్త సైకిల్ కొనుక్కుని మాతో వచ్చారు. లంగర్‌హౌజ్ దాకా వాళ్ల అమ్మాయి ఇంటర్ చదువు గురించి గలగలా మాట్లాడారు. సన్‌సిటీ ఎత్తు మొదలయ్యాక "ఆఁ", "ఊఁ" అన్నారు. ఆ తర్వాత ఏమీ అనలేదు. నేను ముందున్న తమ్ముడితో గేర్ల గురించి మాట్లాడుతూ ఆ మౌనాన్ని పట్టించుకోలేదు. గండిపేటలో టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. "అన్నా, నేను కాళీమందిర్ దగ్గర్నే ఉన్న. మీరు కానియ్యండి, నేను మెల్లగ ఇంటికి పోత." గొంతులో కోపం లేదు. ఆవిడ మళ్లీ రాలేదు. ఆ రోజు సాయంత్రం నేను ఫోనైనా చేయలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అప్పటి నుంచి మా పద్ధతి ఇలా మారింది, మీరూ ఇలాగే చేయండి. దారి బాగా తెలిసినవాళ్లలో ఒకరు ముందు, ఒకరు చివర. చివరి మనిషికి ఒక్కటే పని, తన ముందున్నవాళ్ల మాట వినడం. మాట తగ్గితే "అన్నా, మెల్లగ!" అని కేక వేయాలి. ముందున్నవాళ్లు ఎందుకని అడగకుండా తగ్గాలి. ప్రతి ఎత్తు ఎక్కాక ఆగి అందరూ వచ్చేదాకా చూడాలి. చివర వచ్చిన మనిషి ఊపిరి తీసుకున్నాకే కదలాలి. వాళ్లు రాగానే మనం కదిలితే మనకు విశ్రాంతి దొరుకుతుంది, వాళ్లకు దొరకదు.

ఎత్తు కనిపించగానే ముందే గేరు దించండి. సగం ఎక్కాక మార్చబోతే చైన్ కరకరమని జారుతుంది. తేలిక గేరులో కాళ్లు గిరగిరా తిరగనివ్వండి.

పక్కపక్కన ఇద్దరు తొక్కడం రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే. వెనక హారన్ వినగానే చివరివాళ్లు "బండి!" అంటారు, లోపలి మనిషి ముందుకు పోతే బయటి మనిషి వెనకకు జరిగి ఒకే వరుస అవ్వాలి. ముందున్నవాళ్లు "గుంత" అని వేలు కిందికి చూపించాలి. మంచి కబురు నడుస్తుంటే ఇది మర్చిపోతారు, కాబట్టి మొదటి అరగంట మీరే గట్టిగా అనండి, అలవాటవుతుంది.

ఏం మాట్లాడాలి అని కొందరు అడుగుతారు. "సైకిల్ ఎంతకు కొన్నవ్" అన్న దగ్గర మొదలుపెట్టొద్దు, పాత హీరో సైకిల్ మీద వచ్చిన మనిషి చిన్నబోతాడు. వారమంతా ఎట్లా గడిచిందని అడగండి. ముఖాముఖి కూర్చుని చెప్పలేనివి పక్కపక్కన తొక్కుతూ మనుషులు చెప్పేస్తారు, ఇద్దరి చూపూ రోడ్డు మీదే ఉంటుంది కదా. మా గుంపులో ఒకాయన ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పడానికి ముందు మాకు చెప్పింది గండిపేట రోడ్డు మీదే. అలాంటి మాట వచ్చినప్పుడు వేగం మీరే తగ్గించండి, చెప్పమని తొందరపెట్టకండి.

పంక్చర్ అయితే

తుమ్మముల్లు, సీసా పెంకు, లారీ టైరు పగిలినప్పుడు రాలే వెంట్రుక లాంటి ఇనుప తీగ. మన సర్వీసు రోడ్ల మీద పంక్చర్లు ఎక్కువగా ఈ మూడింటి వల్లే. ఆదివారం పొద్దున ఆరింటికి పంక్చర్ దుకాణం తెరిచి ఉండదు. నేర్చుకోండి, పదిహేను నిమిషాల పని.

సైకిల్‌ను రోడ్డు దిగి నీడలోకి తీసుకెళ్లి తలకిందులుగా నిలబెట్టండి. వెనక చక్రమైతే ముందే అతి చిన్న పళ్లచక్రం మీదికి గేరు మార్చండి, తీయడం పెట్టడం రెండూ తేలిక. చక్రం తీసి, మిగిలిన గాలి వదిలి, వాల్వ్‌కు ఎదురు వైపున లివరు దూర్చి టైరు అంచు బయటికి లాగండి. రెండో లివరు ఒక జానెడు దూరంలో. అక్కణ్నుంచి చేత్తో లాగితే ఒక పక్క అంతా వచ్చేస్తుంది. ట్యూబు తీయండి.

ఇక్కడ తొందరపడొద్దు. కొత్త ట్యూబు వేసి రెండు కిలోమీటర్లు పోగానే మళ్లీ గాలి దిగిందంటే, గుచ్చుకున్నది ఇంకా టైరులోనే ఉందన్నమాట. పాత ట్యూబులో గాలి కొట్టి బుగ్గకు దగ్గరగా తిప్పుతూ ఉండండి. సన్నగా చల్లటి గాలి తగులుతుంది. చిల్లు వాల్వ్ నుంచి ఎంత దూరంలో ఉందో చూసి, టైరులో అంతే దూరంలో వెతకండి. వేళ్లకు గుడ్డ చుట్టుకుని లోపలంతా నిదానంగా తడమండి. ఉత్త వేళ్లతో తడిమితే పెంకు గీరుకుంటుంది. ఇనుప తీగ కంటికి కనిపించదు, గుడ్డ దారం దానికి పట్టుకుని లాగినట్టవుతుంది, అక్కడే ఉంది. గోళ్లతో గానీ, ఎవరి దగ్గరైనా పిన్నీసు ఉంటే దాంతో గానీ బయటికి పెకలించండి.

కొత్త ట్యూబుకు ముందు కొద్దిగా గాలి కొట్టి, గుండ్రంగా అయ్యాక లోపల పెట్టండి, మెలిక పడదు. టైరును చేత్తోనే ఎక్కించండి, చివరి జానెడు బొటనవేళ్లతో తోయాలి. లివరు వాడితే కొత్త ట్యూబే తెగుతుంది. రెండు పక్కలా ట్యూబు ఎక్కడా బయటికి తొంగిచూడటం లేదని చూసుకుని గాలి నింపండి. ఒకరు ఇది చేస్తుంటే మిగతావాళ్లు చుట్టూ నిలబడి పంపు అందిస్తూ మాట్లాడుతుంటారు. మా గుంపులో మంచి స్నేహాలు ఇలాంటి చోట్లే కుదిరాయి.

కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. ఆగి, దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య పెట్టుకుని గట్టిగా అదిలిస్తే చాలావరకు వెనక్కి తగ్గుతాయి. కరిస్తే, గీరినా సరే, సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు వెళ్లాలి. నారాయణగూడలోని ప్రభుత్వ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో కుక్కకాటు టీకా వేస్తారు.

టీ, టిఫిన్

చెరువు గట్టు దగ్గర పదిహేను నిమిషాలు. ముందు నీళ్లు, తర్వాత అరటిపండు, ఆ తర్వాతే టీ. గంటన్నర తొక్కుడుకు మామూలు నీళ్లు చాలు. ఎండాకాలంలో బాగా చెమట పడితే ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం దాని మీద రాసినన్ని నీళ్లలో కలపండి, సగం సగం లెక్కలు వద్దు. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉండాలి. పూరీలూ మిర్చీ బజ్జీలూ ఇంటికి చేరే దారిలో కడుపులో తిరుగుతాయి. ఇడ్లీ తినండి, లేదంటే ఇంటికెళ్లి తినండి. నా మటుకు నేను ఇంటి పెసరట్టు కోసం ఆకలి దాచుకుంటాను.

ఇల్లు

తిరుగు దారి ఎక్కువగా పల్లమే. ఎనిమిదిన్నరకు మెహదీపట్నం చేరితే రైతుబజార్‌లో గోంగూర, కొత్తిమీర అప్పుడే దించి ఉంటాయి. స్టీలు డబ్బా ఇందుకే. ఆదివారం మటన్ షాపు ముందు వరుస తొమ్మిది దాటితే గల్లీ మలుపు దాకా వస్తుంది, కావాల్సిన ముక్క అప్పటికి అయిపోతుంది. ముందుగా చేరి "భయ్యా, తొడ ముక్క ఒక కిలో, కాస్త చర్బీ ఎయ్యి" అని డబ్బాలో వేయించుకుని సంచిలో పెట్టుకుంటే, ప్లాస్టిక్ సంచి హ్యాండిల్‌కు ఊగుతూ చక్రంలో చిక్కుకునే బెడద ఉండదు. సైకిల్ మీద వెళ్లి మటన్ తెచ్చిన మనిషిని "పొద్దున్నే ఎక్కడికి పోయావు" అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఇంటికి రాగానే సోఫాలో కూలబడొద్దు. ముందు సైకిల్‌ను ఒక తడిగుడ్డతో తుడిచి, పక్కకు పెట్టి, ఉల్లిపాయలు తరిగే పనిలోకి వెళ్లండి. పిల్లల లెక్కల హోంవర్కు, వారం బట్టలు, అమ్మకు బీపీ మాత్రలు తేవడం, మీ వంతు పనేదో అది మధ్యాహ్నం భోజనానికి ముందే ముగించండి. భోజనం తర్వాత నిద్ర ఎవరూ చెప్పకుండానే వస్తుంది.

సాయంత్రం ఆరింటికి, ఆ రోజు మొదటిసారి వచ్చినవాళ్లకు ఫోన్ చేయండి. మెసేజ్ వద్దు, ఫోనే చేయండి.

"అక్కా, మోకాళ్లు ఎట్లున్నయ్?"

"నొస్తున్నయ్ తమ్మీ. గని మంచిగనిపించింది."

"సీటు జర కిందికుంది అక్కా. శనివారం సాయంత్రం నేనొచ్చి ఎత్తు సరిచేస్త. అలెన్ కీ నా దగ్గరుంది."